సానబండ మీద సంతాపసభ

ఒక పెద్ద అడవిలో, ఎంత పెద్దదంటే ఈ చివర వాన మొదలైతే ఆ చివరి జంతువులకు గూడు సర్దుకోవడానికి నాలుగు రోజుల వ్యవధి దొరికేది, అంత పెద్ద అడవిలో, సానబండ అని ఒక చదునైన రాయి ఉండేది. దాని మీద నిలబడి గుసగుసలాడినా కొండ దిగువన కుందేలు చెవులు నిక్కబొడుచుకునేది. మైకులు అక్కర్లేదు. అందుకే మా నాటక సమాజం తాతల నాటి నుంచి ఆ బండ మీదే ఆడేది.

మా సమాజం అన్నాను కాబట్టి నేనెవరో చెప్పాలి. తాబేలును. పేరు కూర్మారావు. తెర లాగేది నేనే. నా వేగం గురించి నేనే చెప్పుకోకూడదు గానీ, తాడు నోట కరుచుకుని నేను కదిలానంటే ఆ గాలికి ముందు వరసలో కొంగల ముక్కులు పక్కకు తిరిగిపోయేవి. ఒకసారి మూడో అంకానికి తెర దించడం మొదలుపెడితే, అది నేల తాకేసరికి తరవాతి నాటకంలో మొదటి అంకం వచ్చింది. తెలియనివాళ్లు దాన్ని ఆలస్యం అంటారు. కళ తెలిసినవాళ్లు నిండుదనం అంటారు.

సమాజానికి పెద్ద ఎలుగుబంటి గరళకంఠం గారు. రాజు వేషం ఆయనదే. ఆయన రాగం ఎత్తుకుంటే తేనెటీగలు పట్టు వదిలేసి వచ్చి వినేవి. ఆయన ఎత్తుకొచ్చిన తేనె కోసం వచ్చేవని గిట్టనివాళ్లు అంటారు, పట్టించుకోకండి. రాణి వేషం కొండముచ్చు సోమయ్యది. మగవాడే. కానీ తోకను పమిటలో దోపుకుని ఒక్కసారి సిగ్గుపడ్డాడంటే మర్నాడు పొద్దున్నే వాడికి రెండు పెళ్లి సంబంధాలు వచ్చేవి.

మా ప్రేక్షకులకు ఒక ఆచారం ఉంది. పద్యం నచ్చితే 'వన్స్ మోర్' అని అరుస్తారు. అరిచాక మళ్లీ పాడి తీరాలి. యుద్ధంలో చచ్చిపడిన రాజైనా సరే, లేచి, దుమ్ము దులుపుకుని, జనానికి దండం పెట్టి, పద్యం మళ్లీ పాడి, మళ్లీ చావాలి. గరళకంఠం గారు ఒక సాయంత్రం పదకొండుసార్లు చచ్చారు. పద్నాలుగని చెప్పినా తప్పులేదు, తెర తాడు పట్టుకున్నవాణ్ణి నేను.

ఇలా చస్తూ హాయిగా బతుకుతూ ఉండగా అడవిలో ఒక మండలి పుట్టింది. దాని పేరు అరణ్య రంగస్థల చరిత్ర పరిశోధన పరిరక్షణ మండలి. ఆ పేరు పూర్తిగా పలికేలోపు మేక ఒక పొద మేసేసి రెండో పొద దగ్గరికి వెళ్లేది. కార్యదర్శి నక్క, ఆచార్య సూక్ష్మానందం గారు. నాటకాల మీద ఆయన రాయని తాటాకు లేదు. చూసిన నాటకం మాత్రం ఒక్కటీ లేదు. చూస్తే అభిప్రాయం చెడుతుందని ఆయన భయం. అధ్యక్షుడు గాడిద, గంభీరరావు గారు. ఎవరు ఏమన్నా తల ఊపడం ఆయన బాధ్యత.

ఇద్దరూ కలిసి మృగరాజు గారి గుహకు వెళ్లారు.

"ప్రభూ, మన నాటకానికి ఘనమైన చరిత్ర ఉంది. దాన్ని కాపాడటానికి సానబండ మీద స్మారక భవనం కట్టాలి" అన్నారు సూక్ష్మానందం గారు.

"స్మారకమంటే చచ్చినవాళ్లకు కదయ్యా?" అన్నారు మృగరాజు.

"అవును ప్రభూ."

"నాటకం చచ్చిందా? మొన్ననే గరళకంఠం గొంతు వినపడింది. పగటి నిద్ర చెడిపోయింది నాకు."

"అది కొన ఊపిరి ప్రభూ! ఏడు వారాలు గడువివ్వండి. బండ మీద నాటక చరిత్ర గురించి ఉపన్యాసాలు పెడతాం. నటులచేత పఠనాలు చేయిస్తాం. ఏడో వారం తమరు దయచేసి, చచ్చిందని తేలితే ధ్రువపత్రం మీద పంజా ముద్ర వేయండి."

గంభీరరావు గారు తల ఊపారు.

"తేలకపోతే?"

"తేలుతుంది ప్రభూ."

"తేలకపోతే బండ వాళ్లదే" అని మృగరాజు ఆవలించారు. ఆ ఒక్క మాట ఆయన నోట పలికించింది నేనే. గుహ బయట నిలబడి అంత తీక్షణంగా చూశాను మరి.

మర్నాటి నుంచి బండ చుట్టూ ముళ్లకంచె వేశారు. ఉపన్యాసాలు ఉన్న శనివారం తప్ప ఎవరూ ఎక్కకూడదు. మా తెర గుడ్డ మీద మండలి పేరు రాసి, దాన్నే బ్యానరుగా బండ పైన కట్టారు. తాడు ఎలా కట్టాలో వాళ్లకు రాదు. అందుకని నన్ను పిలిచారు. అంటే మండలిలో కూడా నేను లేకపోతే పని జరగదన్నమాట.

మొదటి వారం ఉపన్యాసం 'నాటకం పుట్టుకకు పూర్వం'. రెండో వారం 'నాటకం పుట్టుకకు పూర్వం: మరికొన్ని అంశాలు'. మూడో వారానికి గానీ నాటకం పుట్టలేదు. ఉపన్యాసం తరవాత పఠనం. నటుడు ముక్కాలిపీట మీద కూర్చుని, ఇచ్చిన ఆకులో ఉన్నది చదవాలి. లేవకూడదు. రాగం తీయకూడదు. చేయి ఊపకూడదు.

"ఎందుకని మాస్టారూ?" అని అడిగాడు సోమయ్య.

"నటిస్తే అది నాటకం అయిపోతుంది. నాటకం అయిందంటే చరిత్ర కాదు" అన్నారు సూక్ష్మానందం గారు.

సోమయ్యకు రాజు శవం మీద పడి రాణి ఏడ్చే ఘట్టం ఇచ్చారు. రెండు మాటలు చదివాడో లేదో వాడి కంట్లో నీళ్లు తిరిగాయి. సూక్ష్మానందం గారు గంట కొట్టారు.

"కన్నీళ్లు వద్దు. ఆకులో కన్నీళ్లు లేవు."

"రాణి ఏడుస్తోంది మాస్టారూ! మొగుడు పోయాడు!"

"'రాణి ఏడ్చెను' అని ఉంది కదా. అది చదవండి, సరిపోతుంది."

వారం వారం జనం పలచబడ్డారు. ఆరో వారానికి కొండచిలువ ఒక్కటే మిగిలింది. అదీ జింకను మింగి కదల్లేక. సూక్ష్మానందం గారు సంతోషంగా రాసుకున్నారు: 'ఆరు వారాలుగా సానబండ మీద చప్పట్లు వినపడలేదు. ఇది నాటకం అంతరించినదనుటకు తిరుగులేని సాక్ష్యము.'

ఏడో వారం ముందు రోజు ఆయన గరళకంఠం గారి గుహకు వచ్చారు. నేనూ సోమయ్యా అక్కడే ఉన్నాం. ఆరు వారాలుగా బండ ఎక్కనివ్వక, గరళకంఠం గారు సగానికి సగం చిక్కిపోయారు. వేషాల పెట్టె మీద తల పెట్టుకుని పడుకుని ఉన్నారు.

"గురువుగారూ, రేపటి పఠనం మీదే. రాజుగారు కూడా వస్తున్నారు" అని సూక్ష్మానందం గారు ఆకు చేతికిచ్చారు.

గరళకంఠం గారు ఆకు కళ్లకు దగ్గరగా పెట్టుకుని చదివారు. "కీర్తిశేషులు గరళకంఠం గారు... ఇదేమిటయ్యా? నేను ఇక్కడే ఉన్నానుగా!"

"ఇక్కడ ఉన్నారు. చరిత్రలో లేరు. నాలుగో ప్రకరణం చివర పోయారు. మార్చడానికి వీల్లేదు, నకళ్లు తీసేశాం."

సోమయ్యకు ఒళ్లు మండిపోయింది. "చదవకండి గురువుగారూ! మీ నోటితోనే మీ చావు చదివిస్తే రాజుగారు ముద్ర వేసేస్తారు. బండ పోతుంది. రేపు ఇల్లు కదలకండి!"

"కదలకపోతే ఇంకా మంచిది. నటుడు రాలేదంటే లేడనేగా?" అని సూక్ష్మానందం గారు మీసం సవరించుకున్నారు.

గరళకంఠం గారు ఆకు మడిచి పెట్టె మీద పెట్టారు. తరవాత నెమ్మదిగా అడిగారు. "బండ ఎక్కనిస్తారా?"

"ఎక్కనిస్తాం. పీట మీద కూర్చోవాలి."

"అయితే వస్తాను."

నక్క వెళ్లాక సోమయ్య అలిగి తోక తిప్పుకుని కూర్చున్నాడు. "మీకు బుద్ధుందా గురువుగారూ? తాతల నాటి బండ!"

"ఒరేయ్ సోమా, ఇంట్లో కూర్చున్నా బండ పోతుంది. చదివినా పోతుంది. చదివితే పోయేముందు ఒక్కసారైనా దాని మీద గొంతు విప్పుతాను కదరా" అన్నారు ఆయన.

నేను చాలా మాట్లాడి ఆయనకు ధైర్యం చెప్పాను. ఆయన వినేలోపే నిద్రపోయారు.

శనివారం అడవంతా వచ్చింది. రాజుగారు వస్తున్నారంటే రానివాళ్ల పేర్లు రాసుకుంటారు కదా. గంభీరరావు గారు సభను ప్రారంభిస్తూ తల ఊపారు. సూక్ష్మానందం గారు 'నాటకం: అంత్యదశ' అనే ఉపన్యాసం మొదలుపెట్టారు. మొదలుపెట్టినప్పుడు కొంగ నీడ దాని కాళ్ల కింద ఉంది. పూర్తయ్యేసరికి ఏరు దాటి అవతలి గట్టు ఎక్కింది. అందులో పట్టికలు తొమ్మిది. మృగరాజు మూడో పట్టిక దగ్గరే కళ్లు మూశారు.

"ఇప్పుడు, నాటక మరణాన్ని ప్రత్యక్షంగా ఎరిగిన కీర్తిశేషులు గరళకంఠం గారు ఆ వివరం చదివి వినిపిస్తారు" అని ఉపన్యాసం ముగించారు.

గరళకంఠం గారు బండ ఎక్కారు. పీట దగ్గరికి వెళ్లలేదు. ముందు వంగి బండను ముట్టుకుని కళ్లకద్దుకున్నారు. సూక్ష్మానందం గారు గంట మీద చేయి వేశారు. గరళకంఠం గారు చప్పున పీట మీద కూర్చున్నారు.

"కీర్తిశేషులు గరళకంఠం గారు... అరణ్య నాటకరంగపు చివరి నటులు..." ఆకు కళ్లకు ఇంకా దగ్గరగా జరుపుకున్నారు. "వారు గత శిశిరమున పరమపదించిరి." అక్కడ ఆగిపోయారు. నక్క వైపు వంగి గుసగుసగా అడిగారు. "ఆచార్యా, ఎలా పోయాను?"

చెప్పాను కదా, ఆ బండ మీద గుసగుస కూడా అడవంతా వినిపిస్తుంది.

"అది ముఖ్యం కాదు. చదవండి" అన్నారు సూక్ష్మానందం గారు పళ్ల మధ్య నుంచి.

"నటుడికి అదే ముఖ్యం నాయనా! కత్తి దెబ్బకా? శాపానికా? పుత్రశోకమా? ఎలా పోయానో తెలియకుండా ఎలా చదవను?"

"వయోభారం! చాలా?"

"వయోభారమా!" అని గరళకంఠం గారు లేచి నిలబడ్డారు. పీట దొర్లుకుంటూ వెళ్లి కొండచిలువ మీద పడింది. "నలభై ఏళ్లు రాజుగా చచ్చినవాణ్ణి. వయోభారంతో చస్తానా నేను?"

ఎత్తుకున్నారు రాగం! పద్యం లేదు, ఉన్నది ఆకులో వచనమే. దాన్నే పాడేశారు. 'పరమపదించిరి' దగ్గర తీసిన దీర్ఘానికి ఏట్లో చేపలు నీళ్ల పైకి వచ్చి నిలబడ్డాయి. 'అయిదవ పట్టిక చూడుడు' అన్న ముక్కను మూడు స్థాయిలు ఎక్కించి, పైన గింగిరాలు తిప్పి, మెల్లగా దింపారు. పట్టిక విని ఏడవడం ఆ అడవిలో అదే మొదలు. పాడుతూ కుడికి మూడు అడుగులు తూలారు. ఎడమకు రెండు. లేని కిరీటం కోసం తల తడుముకున్నారు. జనంలో ఉన్న సోమయ్య వైపు చేయి చాపి, "వారితోనే మన నాటకమునూ..." అని ఆకు గుండెకు హత్తుకుని కుప్పకూలారు.

"నాథా!" అని సోమయ్య కంచె దూకి వచ్చి మీద పడ్డాడు. రోజూ కట్టే చీర కూడా లేదు వాడి ఒంటి మీద. అయినా ఎవరికీ అనుమానం రాలేదు.

ఇక నా వంతు. రాజు చచ్చాక తెర పడాలి. బ్యానరు తాడు నా నోట్లోనే ఉంది. పిడుగులా కదిలాను. ఇక్కడ నా గొప్పతనం గమనించాలి మీరు. ఇంకెవడైనా అయితే చటుక్కున దించేసేవాడు, సభ ముగిసేది. నేను నా నిండుదనంతో దించుతున్నాను. తెర జానెడు దిగేసరికి జనం ముక్కులు చీదుకున్నారు. మూరెడు దిగేసరికి తేరుకున్నారు. సగం దిగేసరికి వెనక వరసలోంచి ఒక ముసలి అడవిపంది గొంతు చించుకుంది.

"వన్స్ మోర్!"

అంతే. కొంగలు, కుందేళ్లు, దుప్పులు, పీట కింద ఉన్న కొండచిలువ, అందరూ అందుకున్నారు. "వన్స్ మోర్! వన్స్ మోర్!"

సూక్ష్మానందం గారు గంట వాయిస్తూ ముందుకు ఉరికారు. "ఆగండి! ఇది పఠనం! చరిత్రలో వన్స్ మోర్ ఉండదు! చచ్చినవాడు లేవకూడదు!"

శవం ఒక కన్ను తెరిచింది. "కూర్మం, ఎంతమందిరా?"

"అడవంతా, గురువుగారూ."

"రాజుగారు?"

"లేచి కూర్చున్నారు."

"అయితే లేస్తాను" అని గరళకంఠం గారు లేచి, దుమ్ము దులుపుకుని, నాలుగు దిక్కులా దండం పెట్టారు.

"ప్రభూ, తమరే చెప్పండి!" అన్నారు సూక్ష్మానందం గారు ఏడుపు గొంతుతో.

"మొదటిసారి నేను కళ్లు మూసుకుని ఉన్నాను. మళ్లీ చావమను" అన్నారు మృగరాజు.

రెండోసారి గరళకంఠం గారు మొదటిసారి కంటే బాగా చచ్చారు. మూడోసారి ఇంకా బాగా. ఎన్నిసార్లంటే, నేను ముప్పై అంటాను. సోమయ్య అయిదంటాడు. వాడు ఏడుస్తున్నాడు కాబట్టి సరిగ్గా లెక్కపెట్టి ఉండడు.

చివరికి సూక్ష్మానందం గారికి పూనకం వచ్చినట్టయింది. బండ మధ్యకు దూకి, తన తొమ్మిది పట్టికలూ గాల్లోకి విసిరి, శవం మీద కాలు పెట్టి అరిచారు. "ద్రోహులారా! ఆరు వారాలు కష్టపడి చంపాను! నా చేతులారా చంపాను! మళ్లీ బతికిస్తారా?"

అంత మంచి ప్రతినాయకుణ్ణి ఆ బండ ఎన్నడూ మోయలేదు. అడవిపందే మళ్లీ ముందు తేరుకుంది.

"వన్స్ మోర్!"

సూక్ష్మానందం గారు బిత్తరపోయారు. "ఎవరికి?"

"నీకే. మళ్లీ అను" అన్నారు మృగరాజు.

"ప్రభూ, నేను నటుణ్ణి కాను. పరిశోధకుణ్ణి."

"మళ్లీ అనమన్నాను."

ఆయన గొణిగారు. "వినపడలేదు!" అని జనం కేకలేశారు. కింద పడి ఉన్న శవమే మెల్లగా అందించింది. "ఊపిరి పొట్టలోంచి తీసుకో ఆచార్యా. 'చేతులారా' దగ్గర చేతులు చూసుకో." సూక్ష్మానందం గారు ఊపిరి తీసుకున్నారు. చేతులు చూసుకున్నారు. తోక ఎత్తి, కాలు తాటించి, మూడోసారి అన్నారు.

చప్పట్లకు కొండ మీది రాళ్లు దొర్లాయి. ఆరు వారాల్లో ఆయనకు వినపడిన మొదటి చప్పట్లు అవి. ఒళ్లంతా వెంట్రుకలు లేచాయి. కళ్లు ఎర్రబడ్డాయి. గంట ఎక్కడ పడేశారో మళ్లీ ఆయన వెతుక్కోలేదు.

గంభీరరావు గారు దగ్గరికి వచ్చి అడిగారు. ఆయన నోరు విప్పడం మేం వినడం అదే మొదలు. "ఆచార్యా, నేను ముగింపు చెప్పాలి. నాటకం చచ్చినట్టా, బతికినట్టా?"

ఆయన జవాబిచ్చేలోపే మృగరాజు లేచారు. సోమయ్య నా డిప్ప గట్టిగా పట్టుకున్నాడు. గరళకంఠం గారు పడుకున్నచోటే రెండు చేతులూ జోడించారు.

"రేపు ఎన్ని గంటలకు?" అన్నారు మృగరాజు.

"ఏమిటి ప్రభూ?" అన్నారు సూక్ష్మానందం గారు.

"నాటకం. రేపు ఎన్ని గంటలకు చస్తుంది? మా ఆవిడను తీసుకొస్తాను."

గంభీరరావు గారు పని మరిచిపోని మనిషి. "ధ్రువపత్రం సిద్ధంగా ఉంది ప్రభూ, ముద్ర వేస్తే..." అంటూ ఆకు కోసం చూశారు. ఆకు కనపడలేదు. సూక్ష్మానందం గారు దాని మీద కూర్చుని ఉన్నారు.

"ఇంకా పూర్తిగా చావలేదు ప్రభూ" అన్నారు ఆయన తల వంచుకుని. "చాలా మొండి ప్రాణం. ప్రతి శనివారం చంపుతూ ఉండాలి. నేనే చంపాలి. ఇంకొకరికి ఆ డైలాగు చెప్పడం రాదు."

"అయితే తేలలేదన్నమాట. బండ వాళ్లదే" అన్నారు మృగరాజు.

ముళ్లకంచె అప్పటికప్పుడే తీయించారు. తీసింది నేనే, ఒంటి చేత్తో. మిగతావాళ్లు కొంచెం సాయం పట్టారు.

అప్పటి నుంచి ప్రతి శనివారం సానబండ మీద నాటకం చస్తోంది. పై అడవుల నుంచి కూడా బళ్లు కట్టుకుని వస్తున్నారు చావు చూడటానికి. తొమ్మిది పట్టికలకూ రాగాలు కట్టారు. గంభీరరావు గారు ఇప్పుడు మొదటి అంకంలో తల ఊపుతారు, అక్కడా చప్పట్లు పడుతున్నాయి. సూక్ష్మానందం గారు మాత్రం రోజూ గుహకు వచ్చి గొడవ. "గురువుగారూ, నా వేషం చిన్నదైపోయింది. ప్రవేశానికి కత్తి ఒకటి ఇప్పించండి. ఒక పద్యం కూడా."

"ప్రతి శనివారం ముండమోస్తున్నది నేను. నాకు లేదు పద్యం, ఈయనకు కావాలట" అని సోమయ్య మూతి తిప్పుతాడు.

మొన్న గరళకంఠం గారు రంగు కడుక్కుంటూ నాతో అన్నారు. "నలభై నాటకాలు వచ్చురా కూర్మం నాకు. పెళ్లి నాటకాలున్నాయి, పట్టాభిషేకాలున్నాయి. ఒక్కడూ అడగడు. అందరికీ నా చావే కావాలి."

"పోనీ ఈ శనివారం మానేద్దామా?" అన్నాను.

ఆయన నా వంక పిచ్చివాణ్ణి చూసినట్టు చూశారు. "మానేస్తే చచ్చిపోమూ?" అని, వచ్చేవారం కోసం కొత్త రకంగా తూలడం సాధన చేయడానికి బండ మీదికి వెళ్లిపోయారు.

నీతి: ఎవరినైనా శాశ్వతంగా పాతిపెట్టదలుచుకుంటే, సంతాపసభలో మాట్లాడటానికి మాత్రం వాళ్లను పిలవకూడదు.